చమురు ఒలికిందా, ఒలకబోశారా?

సందేహం: పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన వాణిజ్య నౌకల బిల్లు గురించి తెలుగులో నోట్సు రాసుకుంటుంటే అడుగడుగునా మాటల దగ్గర ఆగిపోతున్నాను. ఓడలోంచి సముద్రంలోకి చమురు ‘లీకైంది’ అని ఒకచోట, ‘చిందింది’ అని ఒకచోట, ‘ఒలికింది’ అని ఇంకోచోట ఉంది. ఏది సరైనది? ‘ప్రాదేశిక జలాలు’, ‘ప్రాంతీయ జలాలు’ ఒకటేనా? ‘మూజువాణి ఓటు’లో ఆ ‘మూజు’ ఏమిటి? ఓడను ‘అరెస్టు’ చేశారని చదివితే నవ్వొచ్చింది, ‘జప్తు’ అనాలి కదా?

సమాధానం: ఒక్క ఉత్తరంలో నాలుగు సందేహాలు పెట్టేశారు, పర్లేదు. వీటిలో మొదటిదే గట్టిది, దాని దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాను.

వంటింట్లోంచి మొదలుపెడదాం. గట్టు మీద నూనె గిన్నె పక్కకి ఒరిగి ఉంది, నేలంతా జిడ్డు. పిల్లాడు వచ్చి ‘అమ్మా, నూనె ఒలికిపోయింది’ అంటాడు. తల్లి ఊరుకోదు కదా, ‘దానంతటదే ఒలికిందా, నువ్వు ఒలకబోశావా?’ అంటుంది. పైకి తిట్టులా ఉన్నా అది వ్యాకరణ చర్చే. పిల్లాడు తెలివిగా అకర్మక క్రియ పట్టుకున్నాడు, ఆ వాక్యంలో కర్త నూనె, వాడి జాడే లేదు. తల్లి సకర్మక క్రియతో వాడి చెవి పట్టుకుని వాక్యంలోకి లాక్కొచ్చింది. ఓడల మీద, సముద్ర కాలుష్యం మీద ఏ సభలో చర్చ జరిగినా ఎంతసేపూ నలిగేది ఈ ముక్కే: ఒలికిందా, ఒలకబోశారా, తుడిచే ఖర్చు ఎవరిది?

ఇప్పుడు మీరడిగిన మాటలు చూద్దాం. ‘చిందడం’ అంటే చుక్కలు చుక్కలుగా ఎగిరిపడటం. కూర కలుపుతుంటే పులుసు చింది చొక్కా మీద పడుతుంది, యుద్ధంలో రక్తం చిందుతుంది, కష్టజీవి చెమట చిందిస్తాడు. 2025 మే 25న కొచ్చి తీరానికి దూరంగా మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ ట్యాంకుల్లో 367.1 టన్నుల ఫర్నేస్ ఆయిలు, 84.44 టన్నుల డీజిలు ఉన్నాయి. అంత సరుకు సముద్రం పాలైతే దాన్ని ‘చిందడం’ అనడానికి నాకైతే నోరు రాదు. ‘తొణకడం’ అసలే కుదరదు, అది కుదుపుకి గిన్నె అంచు దాటే నీళ్ల సంగతి, నిండుకుండ తొణకదని సామెత ఉండనే ఉంది. ‘పొర్లడం’ పట్టినదానికన్నా ఎక్కువ పోస్తే జరుగుతుంది, ఓడకి ఇంధనం నింపేటప్పుడు ఎవరో ఏమరుపాటున ఉంటే ట్యాంకు నిజంగానే పొర్లుతుంది, అప్పుడు ఆ మాట చక్కగా అతుకుతుంది. ‘కారడం’ చిల్లిలోంచి, పగులులోంచి నెమ్మదిగా జరిగే పని. కుండ కారుతుంది, వానాకాలంలో పెంకుటిల్లు కారుతుంది, ట్యాంకు పగిలితే చమురూ కారుతుంది. మన ‘లీకవడం’ దాదాపు ఈ ‘కారడం’ చోటులోకే వచ్చి కూర్చుంది. కాకపోతే లీకు ఇంకా దూరం పోయింది, గ్యాసూ లీకవుతుంది, ప్రశ్నపత్రమూ లీకవుతుంది, ప్రశ్నపత్రం ‘కారింది’ అని ఎవరూ అనరు. అందుకని ‘లీకైంది’ తప్పని చెప్పను, అందరికీ అర్థమయ్యే మాటే.

మిగిలింది ‘ఒలకడం’. గిన్నెలో ఉండాల్సింది గిన్నె దాటి పోవడం, అంతే. ఎంత పోయింది, చిల్లిలోంచా, ఓడ ఒరిగా అన్న షరతులు దీనికి లేవు. పాలు ఒలుకుతాయి, బియ్యం ఒలుకుతాయి. ఆ ఎల్సా ఓడ కంటైనర్లలోంచి పోయి కేరళ, తమిళనాడు తీరాలకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ గుళికలకు కూడా ‘ఒలికిపోయాయి’ అంటే చెల్లుతుంది. కాబట్టి ప్రమాదం జరిగి, ఎలా పోయిందో ఇంకా తేలనప్పుడు ‘చమురు ఒలికింది’ అని రాయండి. (‘పాలు ఒలికింది’ మాత్రం రాయకండి. పాలు, నీళ్లు మనకెప్పుడూ బహువచనమే. చమురు, నూనె ఏకవచనం.)

అసలు తిరకాసు ఇక్కడుంది. పైన చెప్పినవన్నీ పిల్లాడి క్రియలే! ఒలికింది, చిందింది, కారింది, పొర్లింది, వీటిలో ఎక్కడా మనిషి లేడు. తల్లి వైపు క్రియలు వేరే ఉన్నాయి. ఒలకబోయడంలో అజాగ్రత్త ఉంది. పారబోయడంలో అక్కర్లేదనుకుని కావాలని చేయడం ఉంది. పంపు పెట్టి బయటికి కొట్టడాన్ని తోడిపోయడం అంటాం. ఏ హడావిడీ లేకుండా గొట్టం తిప్పేయడం వదలడం, ఫ్యాక్టరీలు మురుగు ‘వదులుతున్నాయి’ అనే అర్థంలో. ఓడ అడుగున చేరే జిడ్డు నీటిని రాత్రిపూట ఎవరూ చూడకుండా సముద్రంలోకి కొట్టేస్తే అది ఒలకడం ఎలా అవుతుంది? అక్కడ ‘చమురు ఒలికింది’ అని రాస్తే పిల్లాడి వకాల్తా మనం పుచ్చుకున్నట్టే. ‘చమురు విడుదల చేయబడింది’ అనే వాక్యం ఇంకా ఘోరం. ‘చేయబడింది’ అనగానే ఎవరో చేశారని ఒప్పుకుంటున్నట్టే ఉంటుంది, ఎవరో మాత్రం చెప్పదు. తెలుగువాడు మామూలుగా ‘అన్నం తినబడింది’ అనడు కదా. ‘విసర్జించింది’ అని కూడా చూశాను, ఓడకి కడుపునొప్పి వచ్చిందేమో అనిపించింది.

మరి చట్టం ఏ క్రియ వాడింది? ఓడల వల్ల కలిగే కాలుష్యాన్ని ఆపడానికి 1973లో చేసుకుని, 1978లో సరిదిద్దుకున్న అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, పొట్టిగా మార్పోల్ అంటారు. ఓడ నుంచి ఎలా పోయినా సరే పోయినట్టే అని మొదలుపెట్టి, బయటపడటం, పారేయడం, ఒలకడం, కారడం, తోడిపోయడం, వెలువడటం, ఖాళీ చేయడం అని ఏడు మాటలు వరసగా చెప్పి, అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. పిల్లాడి క్రియలూ తల్లి క్రియలూ ఒకే వాక్యంలో! ట్యాంకర్ల చమురు నష్టపరిహారానికి ఇంకో ఒప్పందం ఉంది, దాని ప్రకారం యుద్ధం లాంటి కొన్ని మినహాయింపులు తప్పితే ఓడ యజమాని తప్పుందని రుజువు చేయాల్సిన పని కూడా లేదు, కట్టాల్సిందే. ఎలా ఒలికినా నీ గిన్నెలో నూనే కదా, గుడ్డ తెచ్చి తుడువు అన్నమాట.

‘ఏట్లో పారబోసినా ఎంచి పారబోయాలి’ అని మనకో సామెత ఉంది. డబ్బు జాగ్రత్త గురించి చెప్పే సామెతే గానీ మార్పోల్ చదువుతుంటే నాకు అదే గుర్తొస్తుంది. 400 టన్నేజీ దాటిన ఓడలు చమురు లెక్కల పుస్తకం ఒకటి పెట్టుకుని, ఎప్పుడు ఎక్కడ ఎంత వదిలారో అందులో రాయాలి. వదిలే నీళ్లలో చమురు పది లక్షల్లో 15 వంతులు మించకూడదు. నిజంగా ఎంచి పారబోయడమే.

నీటి మీద తేలే జిడ్డుకి మీరు పేరు అడగలేదు గానీ నోట్సులో అవసరం పడుతుంది, చెబుతున్నాను. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు రేవు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. తీరానికి చేరిన నల్లటి జిడ్డును మనుషులు బక్కెట్లతో ఎత్తిపోసిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. దాన్ని ‘చమురు తెట్టు’ అనాలి. పైన పొరలా కట్టేది తెట్టు. ఒలకడం జరిగిన పని, తెట్టు కంటికి కనపడే పదార్థం. ‘చమురు ఒలుకుని తొలగించారు’ లాంటి వింత వాక్యాలు రాయక్కర్లేదు, ‘తెట్టు తీశారు’ చాలు.

సముద్రంలో పారబోయడం అంటే ఒకటి గుర్తొచ్చింది. ఎన్నికలొస్తే చాలు, మన నాయకులు ఎదుటి పార్టీనో, నచ్చని చట్టాన్నో ‘బంగాళాఖాతంలో కలిపేస్తాం’ అంటారు. మార్పోల్ వాళ్లు వింటే బెంగ పెట్టుకుంటారు.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను. ‘ప్రాదేశిక జలాలు’ అనండి, ‘ప్రాంతీయ’ వద్దు. ప్రాంతీయం అంటే ఒక ప్రాంతానికి చెందింది, ప్రాంతీయ పార్టీ, ప్రాంతీయ భాష అన్నట్టు. ప్రాదేశికం అంటే హద్దు గీసుకుని అధికారం చెలాయించే నేల. ఇదేదో పెద్ద గ్రాంథిక పదం అనుకోకండి, మీ మండలంలో ఎంపీటీసీ అంటే మండల పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గమే. సముద్రంలో ఆ హద్దు 1976 చట్టం ప్రకారం తీరం దగ్గరి ఆధారరేఖ నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల పైచిలుకు. 200 నాటికల్ మైళ్ల దాకా ఉండేది ప్రత్యేక ఆర్థిక మండలం. అక్కడ చేపలు, ఖనిజాల మీద హక్కు మనదే గానీ అది ప్రాదేశిక జలం కాదు. పరీక్షలో ఈ రెండూ కలిపేశారో మార్కు పోతుంది.

‘మూజువాణి’లో వాణి లేదు. చాలామంది ఇది సంస్కృతం వాణి అనుకుని ‘మూజు’ కోసం నిఘంటువులు తిరగేస్తుంటారు. ఇది హిందీ, ఉర్దూల్లోని ‘మూహ్ జబానీ’. మూహ్ అంటే నోరు, జబాన్ అంటే నాలుక, మొత్తానికి నోటిమాటగా అని. మన నోట్లో నలిగి ‘బానీ’ కాస్తా ‘వాణి’ అయింది, సరస్వతీదేవి గుర్తొచ్చి ఆ అక్షరం అలాగే స్థిరపడిపోయింది. 1958 నాటి చట్టం స్థానంలో తెచ్చిన మీ బిల్లును 2025 ఆగస్టు 6న లోక్‌సభ ఆమోదించింది ఈ పద్ధతిలోనే. ప్రతిపక్షాల నినాదాల హోరులో ‘అవును’, ‘కాదు’ అనే నోటిమాటలతో తేలిపోయింది. ఆగస్టు 11న రాజ్యసభ ఆమోదించింది. ఇంకొకటి, సభ ఆమోదించేది ‘బిల్లు’, రాష్ట్రపతి సంతకం పడ్డాకే ‘చట్టం’. ‘లోక్‌సభ చట్టాన్ని ఆమోదించింది’ అని మీ నోట్సులో ఎక్కడైనా ఉంటే దిద్దుకోండి.

చివరిది, ఓడ అరెస్టు. నవ్వు నాకూ వచ్చింది గానీ మాట సరైనదే. ఓడల మీద వచ్చే దావాల కోసం చేసిన 2017 అడ్మిరాల్టీ చట్టంలో ఉన్నది ఆ మాటే. ఎల్సా మునిగాక కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయల పరిహారం కోరుతూ హైకోర్టుకు వెళితే, అదే గ్రూపుకు చెందిన ఇంకో ఓడను, విళింజం రేవులో ఉన్నదాన్ని, కదలనివ్వకుండా ఆపమని కోర్టు చెప్పింది. అదే అరెస్టు. హామీ సొమ్ము కడితే ఓడ వెళ్లిపోవచ్చు, మనిషికి బెయిలు దొరికినట్టు. ‘జప్తు’ అంటే చదివేవాడికి ఓడ సర్కారు సొంతమైపోయిందనే భావం కలుగుతుంది. ‘నిలుపుదల’ అనొచ్చు, అర్థం చెడదు, అయితే అది కోర్టు పని అని ఆ మాటలో తెలియదు. అందుకని మీ నోట్సులో ‘ఓడ జప్తు’ అని ఉన్నచోట కొట్టేసి ‘అరెస్టు’ అనే రాసుకోండి. ఇంగ్లిష్ వాళ్లు ఓడను ఆడమనిషిగా చెప్పుకుంటారు కదా, మరి తెలుగులో ఎలా అని మాత్రం అడక్కండి. ఆవిడ వెళ్లినా ‘వెళ్లింది’, ఓడ వెళ్లినా ‘వెళ్లింది’, మనకా బాధ లేదు.