టికెట్ ఉన్నా తలుపు దగ్గర ఆపేశారా?

నాటకానికి పది నిమిషాలు లేటయ్యారంటే, అప్పటికి లోపల రంగం నడుస్తూ ఉండి ఉంటుంది. చీకట్లో తలుపు తీస్తే వరండా వెలుతురంతా లోపల పడుతుంది. అందుకే డ్యూటీలో ఉన్న మేం రంగం మారేటప్పుడే పంపిస్తాం.

1. తలుపు పక్కనే ఉండండి. చాలామంది ఆపగానే టీకి వెళ్లిపోతారు. రంగం మారే చీకటి అర నిమిషం కూడా ఉండకపోవచ్చు. అప్పుడు మీరు ఎదురుగా లేకపోతే మళ్లీ తర్వాతి రంగం దాకా ఆగాల్సిందే, మాతో వాదించినా అంతే.

2. వరస, సీటు నంబరు బయటే చూసుకోండి. లోపల ఫోన్ లైటు వద్దు, మా టార్చ్ చాలు.

3. సీటు వరస మధ్యలో ఉంటే చివర ఖాళీ కుర్చీలో కూర్చుని, విరామంలో మారండి.

రవీంద్రభారతికైతే సాయంత్రం లక్డీకాపూల్ ట్రాఫిక్‌ను నమ్మకండి. మెట్రో దిగితే నడిచేంత దూరమే.