స్టెరాయిడ్ తగ్గించగానే మళ్లీ రక్తం

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్ల క్రితం కొలనోస్కోపీ చేసి, పెద్దపేగు ఎడమ భాగంలో అల్సరేటివ్ కొలైటిస్ (పేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉందన్నారు. పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు వాడుతున్నాను. ఈ ఏడాది మూడుసార్లు రక్తవిరేచనాలు అయితే ప్రతిసారీ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. మోతాదు తగ్గించగానే జబ్బు తిరగబెడుతోంది. ఇప్పుడు బయలాజిక్ మందులు (వాపును కలిగించే రోగనిరోధక చర్యను అడ్డుకునే ప్రొటీన్ మందులు) మొదలుపెడదామంటున్నారు. స్టెరాయిడ్‌నే కొద్దిగా కొనసాగించకూడదా? ఆపరేషన్‌తో జబ్బు పూర్తిగా పోతుందా?

జవాబు: కొనసాగించకూడదు. స్టెరాయిడ్ జబ్బు ఉధృతిని అణచగలదే తప్ప, తగ్గిన జబ్బును తగ్గినట్టే నిలిపి ఉంచలేదు; పైగా నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారడం, రక్తంలో చక్కెర పెరగడం, కంట్లో శుక్లాలు రావడం వంటి నష్టాలున్నాయి. ఏడాదిలో మూడుసార్లు దాని అవసరం పడిందంటే మందు మార్చవలసిన సమయం వచ్చిందనే అర్థం.

అయితే మీ ఉత్తరంలో ఎనీమా (మలద్వారం గుండా ఎక్కించుకునే ద్రవ మందు) ప్రస్తావన లేదు. చాలామంది మొహమాటపడి దీన్ని వద్దంటారు, కొందరు వైద్యులూ పట్టుబట్టరు. మీలా ఎడమ భాగానికే పరిమితమైన జబ్బులో మాత్రలతో పాటు మెసలమైన్ ఎనీమా కూడా వాడితే, ఏదో ఒక్కటే వాడినప్పటికంటే మెరుగైన ఫలితం ఉంటుంది. మలద్వారంలో పెట్టుకునే బిళ్ల పురీషనాళం వరకే పనిచేస్తుంది. రాత్రి పడుకునే ముందు తీసుకునే ఎనీమా ఇంకా పైకి చేరుతుంది. మాత్రల మోతాదు సరిపోతోందా, మధ్యలో మానేస్తున్నారా అన్నది కూడా చూసుకోండి. క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వంటి వాటి ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి మలపరీక్ష తప్పనిసరి.

ఇవన్నీ సరిగానే ఉన్నా జబ్బు తిరగబెడుతుంటే మీ వైద్యుల సలహా సమంజసమే. రోగనిరోధక శక్తిని అణచే అజాథియోప్రిన్ మాత్ర పూర్తిగా పనిచేయడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది, వాడినంత కాలం రక్తకణాల సంఖ్య చూసుకుంటూ ఉండాలి. బయలాజిక్ మందుల్లో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను మొదట 0, 2, 6 వారాల్లో, తర్వాత ప్రతి 8 వారాలకు సెలైన్‌లా ఎక్కిస్తారు. దానికి ముందు శరీరంలో దాగిన క్షయ, హెపటైటిస్ బి ఉన్నాయేమో పరీక్షించాలి, ఎందుకంటే అవి తిరిగి విజృంభించే ప్రమాదముంది. మరో బయలాజిక్ మందు వెడోలిజుమాబ్ ప్రధానంగా పేగు మీదే పనిచేస్తుంది కనుక ఆ భయం తక్కువ, కాకపోతే గుణం నెమ్మదిగా కనిపిస్తుంది.

ఇక ఆపరేషన్. పెద్దపేగును, పురీషనాళాన్ని తొలగిస్తే పేగులోని జబ్బు పోతుందన్నది నిజమే. కానీ చిన్నపేగు చివరి భాగంతో సంచిలా అమర్చిన తర్వాత కూడా రోజుకు ఐదారుసార్లు విరేచనానికి వెళ్లవలసి రావచ్చు, ఆ సంచికే వాపు రావచ్చు. మందులు లొంగదీయలేని జబ్బుకు, పేగుకు చిల్లు పడినప్పుడు, క్యాన్సర్ లేదా దానికి ముందు దశ మార్పులు కనిపించినప్పుడు అది సరైన మార్గం. మీరు ఇంకా వాడి చూడని మందులు చాలా ఉన్నాయి గనుక, ఇప్పుడే దాని గురించి ఆలోచించనక్కర్లేదు.