నాట్ల కాలంలో జ్వరాలు: డాక్టరమ్మకు పెద్దనాయన ఉత్తరం

బిడ్డా,

మిర్యాలగూడ పక్క ఊళ్లో వరుసగా జ్వరాలొస్తున్నాయని, డెంగీ పరీక్షలో ఏమీ తేలక టెన్షన్‌గా ఉందని రాశావు. నాకైతే ఎలుక జ్వరం మీదే అనుమానం. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడుతున్నాయి, గట్ల నిండా బొరియలు. ఎలుక మూత్రంలోని లెప్టోస్పైరా క్రిమి బురదలో వారాల తరబడి బతుకుతుంది, కాళ్ల పగుళ్లలోంచి ఒంట్లోకి పోతుంది.

ముందు పిక్కలు నొక్కి చూడు. ఈ జ్వరమైతే చాలామంది చెయ్యి తగలగానే కాలు లాక్కుంటారు. కళ్లు ఎర్రబడతాయి, పుసి ఉండదు. కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా ఆలోచించకు, 108 పిలిచి నల్లగొండ పెద్దాసుపత్రికి పంపు.

లైన్ లిస్టులో, అంటే జ్వరమొచ్చినవాళ్ల వివరాల పట్టీలో, 'వృత్తి: కూలి' అని రాసి వదిలేస్తారు. దాంతో ఏం తెలుస్తుంది? క్రిమి సోకిన 5 నుంచి 14 రోజులకు సాధారణంగా జ్వరం వస్తుంది. కాబట్టి నిన్నమొన్నటి సంగతి కాదు, అంతకు ముందు వారం ఎవరి మడిలో నాటేశారో, ఏ ముఠాతో పోయారో, ఎవరి కొట్టంలో పేడ తీశారో అడుగు. అదే ముఠాలో జ్వరం రానివాళ్లనూ అడుగు. ఆర్‌ఎంపీ దగ్గరికీ మర్యాదగా వెళ్లు. నీ దాకా రాని జ్వరాలన్నీ ఆయనకు తెలుసు.

ఈ జ్వరానికి చేసే ఐజీఎం ఎలీసా రక్తపరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ వస్తే నమ్మకు, వారం దాటాక మళ్లీ రక్తం తీయించు. రిపోర్టు కోసం మందు మాత్రం ఆపొద్దు. తేలిక జ్వరానికి డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 7 రోజులు. గర్భిణులకు, చిన్నపిల్లలకు అమాక్సిసిలిన్.

మడిలో దిగొద్దని మాత్రం చెప్పకు, కూలి పోతే పొయ్యి ఎట్లా వెలుగుతుంది? బూట్లేమో బురదలోనే ఉండిపోతాయి. పుండ్లకు కట్టు కట్టుకొమ్మను, గట్టెక్కగానే సబ్బుతో కాళ్లు కడుక్కొమ్మను. జ్వరాలు తగ్గేదాకా ఆ ముఠాలకు వారానికోసారి డాక్సీసైక్లిన్ 200 మి.గ్రా. ఇవ్వడానికి జిల్లా వైద్యాధికారితో మాట్లాడు.

ఎలుకల పనికి ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలుపుకో. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయించండి, తెల్లారి తెరుచుకున్న వాటిలోనే మందు. నూకలు 96 పాళ్లు, నూనె 2, బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి 2 పాళ్లు కలిపి పొట్లాలు కట్టాలి. ఊరంతా ఒక్కరోజే పెట్టాలి, లేకుంటే పక్క చేనివి మళ్లీ ఇటే వస్తాయి. చచ్చినవాటిని చేత్తో ముట్టనీయకు, లోతుగా పాతిపెట్టించు.

లైన్ లిస్టు ఫొటో తీసి పంపు. ఎవరి మడి ఏ తూము కిందో నేనూ చూస్తాను.

మీ పెద్దనాయన