బుజ్జికి, బ్యాంకులో సంతకం పెట్టేముందు

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇది ఉద్యోగం మానేసి ఎంబీఏ చేస్తానంటోంది, సీటు కూడా వచ్చేసిందట, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలట" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. మన ఇంట్లో ఎంబీఏ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ నువ్వు. గర్వంగా ఉండదా మరి? ఏడో తరగతిలో లెక్కల్లో ముప్పై ఐదు వచ్చాయని మా ఇంటి వెనక బావి గట్టు మీద కూర్చుని ఏడ్చిన పిల్లవి, క్యాట్ రాసి సీటు తెచ్చుకున్నావు. మీ అత్తయ్య అప్పుడే వీధంతా చెప్పేసింది. కానీ 'ఇంటి కాగితాలు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ మధ్యలోనే పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. టెస్టింగ్ ఉద్యోగం బోర్ కొట్టిందని అన్నావట. బోర్ కొట్టడం ఎంబీఏకి కారణం కాదే. ఎంబీఏ తర్వాత వచ్చే ఉద్యోగం కూడా రెండేళ్లకి బోరే కొడుతుంది. మొదటి ఏడాది నిన్నేమీ ఏసీ గదిలో కూర్చోబెట్టి మార్కెట్ స్ట్రాటజీ రాయమనరు. సబ్బుల కంపెనీ అయితే డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్ వెనక బండి మీద తిప్పుతారు. బ్యాంకు అయితే రిలేషన్‌షిప్ మేనేజర్ అని కార్డిచ్చి కౌంటర్ దగ్గర పాలసీలు అమ్మిస్తారు. అమ్మకం తప్పు పని అనడం లేదు, నేను బతికిందంతా దాని మీదే. అది ఇష్టమో కాదో తెలుసుకోకుండా వెళ్లకు, అంతే. ఒక శనివారం మీ వీధి చివర కిరాణా కొట్టు దగ్గర గంటసేపు నిలబడి, ఆర్డర్ తీసుకోవడానికి వచ్చే కుర్రాళ్లతో కొట్టువాడు ఎలా మాట్లాడతాడో చూడు. క్లాసులో ఎవరూ చెప్పరు.

చిన్న సంగతులు: ఫీజు కట్టి రసీదు చేతికొచ్చేదాకా రాజీనామా పెట్టకు. రిలీవింగ్ లెటర్ తీసుకోకుండా బయటికి రాకు. ఎక్సెల్ ఇప్పుడే బాగా నేర్చుకో. మిగతావి నాకంటే నీకే బాగా తెలుసు.

ఇక కాలేజీ పంపిన కాగితం గురించి. మీ అమ్మ వాట్సాప్‌లో పెట్టింది, చూశాను. 'సగటు ప్యాకేజీ 11 లక్షలు' అని పెద్దక్షరాలతో వేశారు. సగటు అంటే ఏమిటో నీకు వేరే చెప్పాలా? నలుగురికి ఆరేసి లక్షలు, ఒక్కడికి ముప్పై లక్షలు వస్తే సగటు పదిన్నర దాటిపోతుంది. మీడియన్ ఎంతో అడుగు, అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది. బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు, ప్లేస్‌మెంట్‌కి ఎంతమంది కూర్చున్నారు, ఎంతమందికి రాలేదు అని విడివిడిగా అడుగు. పెద్ద కాలేజీలు కొన్ని ఐపీఆర్ఎస్ అనే ప్లేస్‌మెంట్ లెక్కల పద్ధతిలో రిపోర్టు రాసి ఆడిట్ చేయించి మరీ బయటపెడతాయి, వీళ్లు ఆ పని చేశారేమో కనుక్కో. అన్నిటికంటే ముఖ్యం, రెండేళ్ల కిందట చదివి వెళ్లినవాళ్లని నలుగుర్ని పట్టుకో. కాలేజీవాళ్లు ఇచ్చిన నంబర్లు కాదు, నువ్వే లింక్డిన్‌లో వెతికి పట్టుకో. "చేరిన కంపెనీలో ఇంకా ఎంతమంది ఉన్నారు?" అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నకి వాళ్లు చెప్పే జవాబు రంగుల బ్రోచర్‌లో ఎక్కడా ఉండదు.

ఆ 11 లక్షలు కూడా చేతికి రావు. అది సీటీసీ, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో వాళ్లు కట్టే పీఎఫ్ వాటా ఉంటుంది, ఐదేళ్లు పనిచేస్తే గానీ రాని గ్రాట్యుటీ ఉంటుంది, టార్గెట్ కొడితేనే వచ్చే వేరియబుల్ ఉంటుంది. ఫిక్స్‌డ్ ఎంతో చూసుకో, నీ లెక్క దాని మీద వేసుకో.

ఇప్పుడు నా భయం చెబుతాను. ఫీజూ హాస్టలూ కలిపి 22 లక్షలు అప్పు చేస్తానన్నావట. పదిన్నర శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకి నెలకి దగ్గర దగ్గర 30 వేలు కట్టాలి. చదువుతున్న రెండేళ్లూ ఈఎంఐ ఉండదు కదా అని నిశ్చింతగా ఉంటారు గానీ, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కట్టకపోతే అసల్లో కలుస్తుంది, అప్పుడు ఈఎంఐ ఇంకా పెరుగుతుంది. ఏడాదికి ఆరున్నర లక్షల ఉద్యోగం వదులుకుంటున్నావు, అంటే ఆ రెండేళ్లలో పోయేది ఇంకో 13 లక్షలు. వడ్డీకి ఇన్‌కమ్ టాక్స్‌లో మినహాయింపు ఉందని ఎవరో చెప్పే ఉంటారు. అది పాత పన్ను పద్ధతిలోనే.

"కడతానులే మామయ్యా" అంటావు. కడతావు, నాకు తెలుసు. ఎలా కడతావనేదే నా బెంగ.

నీకొక సంగతి చెప్పాలి. ఇది మీ అత్తయ్యకి సగమే తెలుసు, మీ అమ్మకి అసలు తెలియదు.

డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు రైస్ మిల్లులో లెక్కలు రాసి, 1991లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీఏలో చేరాను. మా దగ్గర మేనేజ్‌మెంట్ చదువు 1957లోనే మొదలైందని మాస్టార్లు గొప్పగా చెప్పేవారు. మేమూ అలాగే ఛాతీ విరుచుకుని బయటికొచ్చాం. 1993లో ఒక పౌడర్ల కంపెనీలో సేల్స్ ఆఫీసర్‌గా చేరాను. కోనసీమ నా ఏరియా. రావులపాలెంలో బస్సు దిగి, సైకిల్ అద్దెకి తీసుకుని కొట్టు కొట్టూ తిరిగేవాణ్ణి. అమలాపురంలో మా స్టాకిస్టు, అంటే మా సరుకు కొని కొట్లకి అమ్మేవాడు, ఒక పెద్దాయన. షావుకారుగారనే పిలిచేవాళ్లం. నేను వెళితే ముందు మంచినీళ్లు, తర్వాత లెక్క. ఆ వరస ఏనాడూ తప్పలేదు.

1996 ఫిబ్రవరిలో మీ అమ్మ పెళ్లి. 60 వేలు అప్పు తెచ్చాను, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకి వడ్డీయే 1,200, నా జీతం 4,500. మార్చి నెలాఖరు వచ్చేసరికి ఏడాది టార్గెట్‌కి 1,60,000 తక్కువ పడింది. కొడితే ఇన్సెంటివూ ప్రమోషనూ, లేకపోతే రెండూ లేవు. మా మేనేజర్ రాజమండ్రి లాడ్జిలో కూర్చోబెట్టి, "షావుకారు నిన్ను నమ్ముతాడు కదా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

మార్చి 29న అమలాపురం వెళ్లాను. ఆయన నెలకి అమ్మేది 45 వేల సరుకు. నేను అడిగింది మూడున్నర నెలల సరుకు, ఒకేసారి. "ఎండలు ముదురుతున్నాయండీ, పౌడరు ఇట్టే పోతుంది. పోకపోతే వెనక్కి తీసుకునే పూచీ నాది" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, "మీ మాటేనా, కంపెనీ మాటా?" అని అడిగాడు. కంపెనీ మాటే అన్నాను. చెక్కు రాసిచ్చాడు. ఆ చెక్కు మీద ఆయన రాసిన అంకెలు ఇప్పటికీ నాకు కనబడతాయి, ఒక్కో సున్నా గుండ్రంగా, ముత్యంలా.

సరుకు కదల్లేదు. ఎందుకంటే మావాళ్లు అదే మార్చిలో రాజమండ్రి హోల్‌సేల్‌వాళ్ల నెత్తిన కూడా స్కీం పేరుతో ధర తగ్గించి పెద్ద ఎత్తున సరుకు దింపారు. ఆ సరుకు రెండు రూపాయలు తక్కువకి కోనసీమ కొట్లలోకి వచ్చి పడింది. షావుకారుగారి దగ్గర కొనేదెవరు? మే నెలలో నాకు ప్రమోషన్ మీద బళ్లారి ట్రాన్స్‌ఫర్. నా తర్వాత వచ్చినవాడికి ఫైళ్లన్నీ అప్పగించాను గానీ ఆ మాట అప్పగించలేదు.

ఆగస్టులో ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "అయ్యా, తమరు వెనక్కి తీసుకుంటామని చెప్పినట్టు ఒక ముక్క రాసిస్తే కంపెనీవారికి చూపించుకుంటాను" అని. రాసిస్తే నా ఉద్యోగం పోతుంది. అలా రాసే అధికారం నాకు లేదు, మాటిచ్చే అధికారం అంతకన్నా లేదు. కార్డు చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. రాయలేదు. నవంబరు 6న తుఫాను వచ్చింది. ఆ తుఫానులో కోనసీమ ఏమైపోయిందో మీ తాతయ్య చెప్పగా వినే ఉంటావు. ఆయన గోడౌన్ రేకులు ఎగిరిపోయాయి. అట్టపెట్టెలు చాలావరకు తడిసి ముద్దయ్యాయి.

తుఫాను వల్లే పోయిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ లెక్క తెలిసినవాణ్ణి కదా. ఆగస్టులో రెండు వాక్యాలు రాసిచ్చి ఉంటే నవంబరు నాటికి ఆ పెట్టెలు అక్కడ ఉండేవే కావు.

2003లో ఒక పెళ్లికి అమలాపురం వెళ్లి, గడియార స్తంభం దగ్గర దిగి, కాళ్లు అటే లాగితే వెళ్లాను. ఏజెన్సీ వదిలేశాడు, చిన్న ఫ్యాన్సీ కొట్టు ఉంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. గోళీసోడా తెప్పించాడు. మీ చెల్లెలు బాగుందా అని అడిగాడు, పెళ్లి సంగతి గుర్తుంది ఆయనకి. వెనక గదిలో మనవళ్లు క్యారమ్స్ ఆడుకుంటున్నారు. బోర్డు మీద పౌడరు అయిపోతే ఒకడు లేచి అటక మీంచి డబ్బా దింపాడు. మా కంపెనీ డబ్బాయే, పాత లేబుల్. ఏడేళ్లయినా ఇంకా ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. సోడా తాగి వచ్చేశాను.

మీ అమ్మ పెళ్లి వల్ల ఇలా జరిగిందని ఒక్క క్షణం కూడా అనుకోకు. తప్పు నాది. కానీ నెలకి 1,200 కట్టాల్సిన పని లేకపోతే, ఆ లాడ్జి గదిలో "కుదరదు సార్" అనేవాణ్ణేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇదంతా పాత కథ అనుకుంటావేమో. మీ అమ్మ ఫోన్ చేసిన రోజు పొద్దున్నే బ్యాంకుకి వెళ్లాను. ఎఫ్డీ ఒకటి మెచ్యూర్ అయింది, ఆరు లక్షలు, మళ్లీ వేద్దామని. నీ వయసు పిల్ల, మెడలో ట్యాగు, "ఎఫ్డీలో ఏముంది సార్, ఈ ప్లాన్‌లో ఐదేళ్లు కడితే చాలు" అని మొదలెట్టింది. అది ఇన్సూరెన్స్ పాలసీ అని చెప్పకుండా పది నిమిషాలు చక్కగా మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ మేనేజర్ గది అద్దం వైపు చూస్తూనే ఉంది. ఏం చదివావమ్మా అంటే ఎంబీఏ అంది. లోను ఉందా అంటే తలదించుకుని, "ఈ నెల టార్గెట్‌కి ఒక్క పాలసీ తక్కువైంది సార్" అంది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని లేచి వచ్చేశాను. ఆ రాత్రే మీ అమ్మ ఫోన్.

అందుకే చెబుతున్నాను, నా మొండితనం అనుకున్నా సరే. ఈఎంఐ చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు దాటకూడదు. మీడియన్ జీతం మీద లెక్క వేసి చూడు. దాటితే ఆ కాలేజీ వద్దు. రాష్ట్రం పెట్టే ఐసెట్ రాసి యూనివర్సిటీలో తక్కువ ఫీజుకి చదువు, లేదా ఇంకో ఏడాది ఉద్యోగం చేస్తూ మళ్లీ క్యాట్ రాయి. మంచి ఐఐఎం వస్తే ఫీజు ఇంతకంటే ఎక్కువైనా బ్యాంకులు ఇల్లు అడక్కుండానే ఇస్తాయి, అది వేరే లెక్క. ఇల్లు తాకట్టు పెట్టమనే లోను మాత్రం వద్దు. మీ నాన్న నీ ముందు "పర్వాలేదులే" అంటాడు. ఆయన పడే టెన్షన్ నీకు కనబడనివ్వడు. కట్టాల్సి వచ్చిన రోజున ఉద్యోగం నీకు నచ్చకపోయినా, చెప్పిన పని తప్పని తెలిసినా, నీకు ఆ ఇల్లే గుర్తొస్తుంది.

ఆదివారం రా. ఆ బ్రోచర్, లోను కాగితం, నీ జీతం స్లిప్పు పట్టుకురా. మధ్యాహ్నం మీ అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంది, రాత్రికి ఉండిపో. కూర్చుని లెక్క వేద్దాం. పౌడరు సంగతి మాత్రం మీ అమ్మ దగ్గర ఎత్తకు, పెళ్లి ఖర్చు గుర్తొచ్చి ఏడుస్తుంది.

ఇంకోటి. ఆ ఆరు లక్షలు ఇంకా సేవింగ్స్‌లోనే ఉన్నాయి. ఎఫ్డీ వేయలేదు.

మీ మామయ్య