దారాసింగ్, కింగ్‌కాంగ్

ప్రశ్న: దారాసింగ్‌తో తలపడిన కింగ్‌కాంగ్ ఎవరు? ఆ కుస్తీలు నిజమైనవేనా?

జవాబు: హంగరీ మూలాలున్న ఎమిల్ చాజా ఆ పేరుతో బరిలోకి దిగేవాడు. సుమారు 200 కిలోల ఆ భారీకాయుణ్ని దారాసింగ్ ఎత్తి పడేయడం చూడటానికే జనం విరగబడేవారు. వృత్తి కుస్తీలో గెలుపోటములను ముందే నిర్ణయించుకోవడం మామూలే అయినా, ఆ బరువును ఎత్తడం, వెల్లకిలా పడినా దెబ్బ తగలకుండా లేవడం ఏళ్ల సాధన లేనిదే సాధ్యం కాదు. పైగా దారాసింగ్ పంజాబు మట్టి గోదాల్లో సంప్రదాయ కుస్తీ నేర్చినవాడు. ప్రత్యర్థి కాళ్లను మెలిపెట్టి కదలనివ్వని ‘ఇండియన్ డెత్‌లాక్’ ఆయన పేరుమోసిన పట్టు. 1968లో బొంబాయిలో అమెరికా దిగ్గజం లూ థెజ్‌పై ఆయన గెలిచాడు. ఫలితం ముందే ఖాయమైనదన్న ఒక్క కారణంతో ఇంతటి మల్లుణ్ని తక్కువ చేయడం న్యాయం కాదు.