కౌంటర్‌టెనర్‌ది ఆడగొంతేనా?

సందేహం: ఇంగ్లండు గాయకుడు ఆల్‌ఫ్రెడ్ డెల్లర్ జీవితం మీద వ్యాసం రాస్తున్నాను. ఆయన కౌంటర్‌టెనర్, అంటే ఆడవాళ్లంత పై స్థాయిలో పాడే మగవాడు. ఆయన్ని పరిచయం చేస్తూ "ఆడగొంతుతో పాడే పురుష గాయకుడు" అన్నాను. చదివిన ఒక మిత్రుడు "దొంగగొంతు" అనాలన్నారు. ఇంకొకరు "నపుంసక గాత్రం" అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: మూడూ వద్దు. మూడోది అసలే వద్దు. అది భాష దగ్గరే కాదు, విషయంలోనూ తప్పు.

ముందు మీ మాటే చూద్దాం. "ఫోనెత్తితే ఆడగొంతు పలికింది" అంటే అవతల ఉన్నది ఆడమనిషి అని అర్థం. "ఆడగొంతు పెట్టి మాట్లాడాడు" అంటే ఎవరినో నమ్మించడానికో నవ్వించడానికో ఆడవాళ్లలా మాట్లాడాడని అర్థం. తెలుగులో ఈ మాటకు గట్టిగా నిలిచిన వాడుకలు ఈ రెండే. డెల్లర్ ఆడమనిషీ కాదు, ఆడవాళ్లను అనుకరించిన వాడూ కాదు. మామూలుగా మాట్లాడితే ఆయనది మగవాళ్ల గొంతే. పొడగరి, గడ్డం పెంచుకున్న మనిషి. ఆయన కోసం ఇంగ్లండు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రాసిన పాత్ర ఓబెరాన్. షేక్స్పియర్ నాటకం ఆధారంగా తీర్చిన 'ఎ మిడ్‌సమర్ నైట్స్ డ్రీమ్' ఆపెరాలో (మొత్తం పాటలతో నడిచే నాటకంలో) ఓబెరాన్ యక్షుల రాజు. రాణి మీద అలిగి, ఆమె కళ్లలో మంత్రరసం పిండే మొగుడు! 1960 జూన్ 11న ఆల్డ్‌బరాలో ఆ ఆపెరా మొదటిసారి ఆడినప్పుడు ప్రేక్షకులు విన్నది ఒక రాజు గొంతును. ఆ గొంతు అంత పైన పలకడం వల్ల అతను ఈ లోకపు మనిషి కాదనిపిస్తుంది కానీ ఆడమనిషి అనిపించదు.

మన రంగస్థలం మీద స్థానం నరసింహారావు గారి సంగతి వేరు. ఆయన సత్యభామగా వస్తే, అక్కడున్నది సత్యభామే అని జనం నమ్మాలి. ఆ కళకు "ఆడగొంతు" అన్న మాట సరిగ్గా సరిపోతుంది, అది మెచ్చుకోలు కూడా. అదే మాట తెచ్చి ఓబెరాన్‌కు తగిలిస్తే, డెల్లర్ స్త్రీ పాత్రలు వేసేవారని పాఠకులు అనుకుంటారు. మీ వ్యాసానికి అసలు నష్టం అక్కడే.

ఇక "దొంగగొంతు". సంగీతం నేర్చుకునే పిల్లలు పై షడ్జం అందక గొంతు సన్నం చేసి తప్పించుకుంటే గురువులు మందలించే మాట ఇది. దీంట్లో తప్పుపట్టడం ఉంది. డెల్లర్ చేసింది తప్పించుకోవడం కాదు. స్వరతంత్రులను బాగా సాగదీసి, పల్చబరిచి, వాటి అంచులు మాత్రమే అదిరేలా పాడటం ఒక పద్ధతి. ఏ మగవాడైనా ఆ గొంతులో నాలుగు స్వరాలు పలికించగలడు. కానీ దాంట్లోనే గంటసేపు, మాట నలగకుండా, ఒక్క స్వరాన్ని సన్నగా మొదలుపెట్టి పెంచి మళ్లీ తగ్గిస్తూ పాడాలంటే ఏళ్ల సాధన కావాలి. డెల్లర్‌కు ఆ సాధన చేయించిన గురువు లేరు. 1912లో కెంట్ తీరంలోని మార్గేట్‌లో పుట్టి, చర్చి బృందంలో పిల్లవాడిగా పాడి, గొంతు మారే వయసు దాటినా పై స్వరాలను వదలకుండా తనంతట తాను నిలబెట్టుకున్నారు. అలాంటి సాధనను "దొంగ" అనడానికి నాకు మనసొప్పదు.

"నపుంసక గాత్రం" అని దిద్దిన వారు రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు. పూర్వం ఇటలీలో గొంతు మారకముందే మగపిల్లల వృషణాలు తొలగించి గాయకులుగా తయారుచేసేవారు. వాళ్లు కాస్ట్రాటోలు. 1724లో స్వరకర్త హాండెల్ ఆపెరా 'జూలియో చేసారే'లో సీజరు పాత్ర పాడిన సెనెసీనో అలాంటి గాయకుడే. సోలో పాటలు రికార్డుల్లో మనకు మిగిలిన ఒకే ఒక కాస్ట్రాటో అలెస్సాండ్రో మొరెస్కీ 1922లో చనిపోయారు. కాస్ట్రాటోల కోసం రాసిన పాత్రలను ఈ రోజుల్లో తరచుగా కౌంటర్‌టెనర్లు పాడుతున్నారు కాబట్టి ఈ గందరగోళం వచ్చి ఉంటుంది. కానీ కౌంటర్‌టెనర్ శరీరంలో ఏ మార్పూ లేదు, ఉన్నది గొంతు వాడే తీరులోనే. డెల్లర్‌కు పిల్లలున్నారు. కొడుకు మార్క్ కూడా కౌంటర్‌టెనరే. పక్కనే ఈ వివరం పెట్టుకుని "నపుంసక" అని ఎలా రాస్తాం?

పేరు ఏది పెట్టాలన్న చిక్కు ఇంగ్లీషువాళ్లకూ వచ్చింది. మీ వ్యాసంలో ఇది తప్పకుండా ఉండాలని నా కోరిక. 1940లో డెల్లర్ కాంటర్బరీ కెథీడ్రల్ గాయకబృందంలో చేరారు. యుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పడంతో పొలం పనికి వేశారు, కాబట్టి పొలం పనీ పాటా రెండూ సాగాయి. అక్కడి చర్చి బృందాల్లో అలాంటి వారిని "మగ ఆల్టో" అనేవారు (ఆల్టో అంటే బృందగానంలో పైనుంచి రెండో స్థాయి గొంతు). వరసలో నిలబడి నలుగురితో కలిసి పాడే మనిషి అన్నమాట, సోలో గాయకుడిగా ఎవరూ చూసేవారు కాదు. స్వరకర్త మైకేల్ టిపెట్ అక్కడ ఆయన గొంతు విని, 17వ శతాబ్దంలో ఇంగ్లండు స్వరకర్త హెన్రీ పర్సెల్ ఏ గొంతు కోసం రాశాడో అది ఇదే అని గుర్తుపట్టారు. ఆ కాలం నాటి "కౌంటర్‌టెనర్" అన్న పేరునే మళ్లీ వాడాలని పట్టుబట్టి, లండన్ మోర్లీ కాలేజీలో ఆయన చేత పాడించారు. 1946 సెప్టెంబరు 29న బీబీసీ వారి కొత్త రేడియో కేంద్రం థర్డ్ ప్రోగ్రామ్ మొదలైన రాత్రి పర్సెల్ రచనలో డెల్లర్ గొంతు రేడియోలో వినిపించింది. మరుసటి ఏడు సెయింట్ పాల్స్ కెథీడ్రల్, తర్వాత సొంత బృందం డెల్లర్ కన్సార్ట్, లెక్కకు మించిన రికార్డులు. ఓబెరాన్‌గా నటన బాగాలేదని విమర్శకులు అన్నారు, 1961లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఆపెరా హౌసులో ఆ పాత్ర అమెరికా కౌంటర్‌టెనర్ రసెల్ ఓబర్లిన్‌కు వెళ్లింది. కానీ 1966లో బ్రిటెన్ స్వయంగా నడిపించిన రికార్డింగుకు మళ్లీ డెల్లరే కావాల్సి వచ్చారు. 1979లో ఇటలీలోని బొలోన్యాలో కన్నుమూశారు.

మరి తెలుగులో ఎలా రాయాలి? మన సంగీతంలో కొలత సిద్ధంగా ఉంది. కచేరీల్లో మగవాళ్లు ఒకటి శ్రుతికో ఒకటిన్నరకో పాడితే, ఆడవాళ్లు ఐదుకో ఐదున్నరకో పాడతారు. అందుకే "ఆడవాళ్ల శ్రుతి" అన్న మాట ఎవరినీ తక్కువ చేయకుండా కొలతను మాత్రమే చెబుతుంది. "తారస్థాయి గాయకుడు" అని మీకు తోచవచ్చు. పత్రికల్లో "గొడవ తారస్థాయికి చేరింది" అని రోజూ చదివేవారు దాన్ని "గొప్ప గాయకుడు" అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది, కాబట్టి విడిగా వాడకండి.

"పురుష గాయకుడు"లో "పురుష" కూడా తీసేయండి. "గాయకుడు" అన్నాక ఆ "డు" ఆ పని చేసేసింది. మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "ఆల్‌ఫ్రెడ్ డెల్లర్ కౌంటర్‌టెనర్, అంటే ఆడవాళ్ల శ్రుతి అందుకుని పాడే గాయకుడు." ఒకసారి ఇలా వివరించాక, మిగతా వ్యాసమంతా "కౌంటర్‌టెనర్" అని వాడితే చాలు. దాన్ని విడగొట్టకుండా ఒకే మాటగా రాయండి, బహువచనం "కౌంటర్‌టెనర్లు".