అమనో బొమ్మ కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 32. హైదరాబాద్‌లో గేమింగ్ స్టూడియోలో పని చేస్తున్నాను. నెలకు 95 వేలు చేతికొస్తుంది. చిన్నప్పటి నుంచి ‘ఫైనల్ ఫాంటసీ’ అంటే పిచ్చి. ఆ గేమ్ ఆర్టిస్టు యోషితాకా అమనో సంతకం చేసిన ఇంకు డ్రాయింగ్ ఒకటి విదేశంలో వేలానికి వచ్చింది. పాట 3 లక్షల దాకా పోవచ్చంటున్నారు. నా దగ్గర 2 లక్షలున్నాయి. మిగతాది లోన్ తీసుకుందామనుకుంటున్నా. పదేళ్లలో రేటు రెట్టింపవుతుందని తోటి కలెక్టర్లు చెబుతున్నారు. మా ఆవిడేమో కాగితం ముక్కకు అంత డబ్బా అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ మాత్రం వద్దు. ఎందుకో లెక్కేసి చూడండి.

పాట 3 లక్షల దగ్గర ఆగిందనుకుందాం. వేలం సంస్థ కొన్నవారి నుంచి తీసుకునే కమిషన్ 20 శాతం వేసుకుంటే 3.6 లక్షలు. కొరియర్, ఇన్సూరెన్స్, కస్టమ్స్, ఐజీఎస్టీలకు ఇంకో 75 వేలు పట్టుకోండి. మొత్తం 4.35 లక్షలు. అంటే మీకు తక్కువ పడేది లక్ష కాదు, 2.35 లక్షలు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అయితే ఈఎంఐ 8 వేలు, వడ్డీయే దాదాపు 54 వేలు.

రేపు అమ్మేటప్పుడు అమ్మకందారు కమిషన్ 15 శాతం పోతుందనుకుంటే, పాట 5.12 లక్షలు పలికితే గానీ మీరు పెట్టిన 4.35 లక్షలు వెనక్కి రావు. లోన్ వడ్డీ ఇందులో కలపలేదు. రెట్టింపు అన్నవాళ్లు పాట ధరనే చూసి చెప్పుంటారు.

పైగా అమ్ముదామంటే కొనేవాడు మన అమీర్‌పేటలో దొరకడు. మా మేనమామ స్టాంపుల ఆల్బమ్ గురించి నలభై ఏళ్లుగా ‘లక్షలు పలుకుతుంది’ అని వింటున్నాను. ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

పన్ను సంగతీ ఉంది. ఇంట్లో వాడుకునే చాలా వస్తువులు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. డ్రాయింగులు, పెయింటింగులకు ఆ మినహాయింపు లేదు. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, అంతకు ముందైతే మీ స్లాబు ప్రకారం కట్టాలి. వేలం బిల్లు, కస్టమ్స్ కాగితాలు పారేయకండి.

ఇక బొమ్మ. 1987లో వచ్చిన మొదటి ‘ఫైనల్ ఫాంటసీ’ నుంచి అమనో చేయి అందులో ఉంది. ఇప్పుడు గేమ్ బొమ్మలు ఎక్కువగా కంప్యూటర్‌లోనే పుడుతున్నాయని మీకు నేను చెప్పక్కర్లేదు. చేత్తో గీసిన కాగితానికి గిరాకీ అందుకే. కానీ ఆయన సంతకంతో లిమిటెడ్ ప్రింట్లు కూడా చాలానే ఉన్నాయి. సంతకం పక్కన 45/200 లాంటి అంకె (200 కాపీల్లో 45వది అని) ఉందంటే అది ప్రింటే, డ్రాయింగ్ కాదు. వెనకవైపు ఫొటో కూడా అడగండి. ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది, వాళ్లు ఎక్కడ కొన్నారు, ఆ రశీదు ఉందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. సంతకం పెడుతున్న ఫొటో ఒక్కటే చూపిస్తే నమ్మేయకండి, ఆ ఫొటోలో ఉన్నది మీరు కొనే కాగితమే అని గ్యారంటీ ఏముంది?

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ఇంకొకటి. ఆ 2 లక్షలు తప్ప వేరే పొదుపు ఊసే లేదు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేకపోతే ఆ 2 లక్షలు బొమ్మ డబ్బు కాదు, ఎమర్జెన్సీ ఫండ్. గేమింగ్ రంగంలో ఉద్యోగాలు ఎలా ఊడుతున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు.

ఈ పాట వదిలేయండి. ఎమర్జెన్సీ ఫండ్, టర్మ్ పాలసీ, సిప్ సర్దుకున్నాక, నెలకు 5 వేలతో సరదా కోసమే ఒక ఆర్‌డీ మొదలుపెట్టండి. ఏడాదికి 60 వేలు పోగవుతాయి. ముందు సంతకం చేసిన ప్రింటో, షికిషీయో కొనుక్కోండి. జపాన్‌లో ఆర్టిస్టులు అభిమానులకు బొమ్మ వేసి సంతకం పెట్టిచ్చే బంగారు అంచు అట్టను షికిషీ అంటారు. దాని మీద ‘ఫలానా వారికి’ అని ఇంకొకరి పేరు రాసుంటే మామూలుగా ధర తగ్గుతుంది. అమ్మే ఆలోచన లేకపోతే అలాంటిదే మీకు లాభం. ఆ డబ్బు తిరిగి రాదనుకునే ఖర్చు పెట్టండి, మీ శ్రీమతికీ అలాగే చెప్పండి. పెట్టుబడి అని చెబితేనే గొడవ.

కొన్నాక పడమటి ఎండ తగిలే గోడకు మాత్రం పెట్టొద్దు, మార్కర్ సంతకం వెలిసిపోతుంది.